అమీర్‌పేట డాబా మీద రాలే చుక్కలు



ఏటా ఆగస్టు రెండో వారం వచ్చిందంటే టీవీల్లో ఒక స్క్రోలింగ్ మొదలవుతుంది. ఈ రాత్రి ఆకాశంలో అద్భుతం, ఉల్కల వాన, గంటకు వంద చుక్కలు రాలతాయి, చూసి తరించండి అని. అది విని అమీర్‌పేట, పంజాగుట్ట, సోమాజిగూడ వాళ్లు పిల్లల్ని వెంటేసుకుని డాబాలెక్కుతారు. పైన శ్రావణ మాసపు మబ్బు. అరగంట మెడలు నొప్పి పుట్టేదాకా చూస్తారు. రెండు తుంపర్లు మీద పడతాయి. అంతా ఉత్తిదే అనుకుంటూ చాపలు చుట్టుకుని దిగిపోతారు.

ఇందులో వాళ్ల తప్పేం లేదు. ఆ వార్త పుట్టింది అమెరికా, యూరప్ వాళ్ల కోసం. అక్కడ ఆగస్టంటే వేసవి సెలవులు, తేట ఆకాశం. మనకు నైరుతి రుతుపవనాలు. పర్సీడ్లనే ఈ ఆగస్టు ఉల్కలు ఆకాశంలో ఈశాన్యం వైపు, ధ్రువానికి దగ్గరగా ఉన్న ఒక చోటు నుంచి విరజిమ్మినట్టు కనిపిస్తాయి. హైదరాబాదు పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ చోటు మనకు రాత్రి పదింటికి గాని ఉదయించదు, తెల్లవారేసరికి ఆకాశంలో సగం ఎత్తుకు చేరుతుంది, అంతే. మబ్బు విడిచినా మనకు దక్కేది తక్కువే. ఎవరేమన్నా సరే, హైదరాబాదుకు ఉల్కల నెల ఆగస్టు కాదు, డిసెంబరు. తేదీ కూడా చెబుతాను. డిసెంబరు 13 రాత్రి, తెల్లవారితే 14. ధనుర్మాసం పట్టడానికి రెండు మూడు రోజుల ముందన్నమాట.

అమీర్‌పేటలో కూర్చుని ఆకాశం గురించి మాట్లాడటమేమిటి, అక్కడ కనిపించేవి కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలే కదా అని మీరు నవ్వుకోవచ్చు. కానీ ఈ పేటకు ఆకాశంతో నూరేళ్లకు పైబడిన సంబంధం ఉంది. అమీర్‌పేటకూ బేగంపేటకూ నడుమ, ఇప్పుడు ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం ఉన్న ఆవరణ పేరే నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్. నవాబ్ జఫర్ జంగ్ అనే హైదరాబాదు జమీందారుకు ఖగోళమంటే పిచ్చి. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు తెప్పించి, 1901 ప్రాంతంలో ఫిసల్‌బండాలోని తన ఎస్టేటులో పెట్టుకున్నాడు. అది నిజాం పేరుతో నిలవాలని ఆయన కోరిక. 1907లో ఆయన పోయాక ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని, బేగంపేట గుట్ట మీదికి మార్చింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అప్పగించారు.

అక్కడ జరిగిన పని చిన్నదేం కాదు. ప్రపంచంలోని వేధశాలలన్నీ కలిసి ఆకాశాన్ని పట్టీలు పట్టీలుగా పంచుకుని ఫొటోలు తీసే మహాయజ్ఞం ఒకటి ఆ రోజుల్లో నడిచింది. అందులో దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చింది. గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఒక్కొక్క చుక్క చోటు కొలిచి, లక్షల నక్షత్రాల లెక్క తేల్చారు. కంప్యూటర్లు లేవు. రాత్రి తీయడం, పగలు కొలవడం. అమీర్‌పేట వీధుల్లో ఇవాళ డేటా ఎంట్రీ నేర్పుతామని బోర్డులు చూసినప్పుడల్లా నాకు ఆ గుమాస్తాలు గుర్తొస్తారు.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఎం.కె. బప్పు గారి అబ్బాయి ఆ టెలిస్కోపుల నీడనే పెరిగాడు. నిజాం కాలేజీలో చదివి, హార్వర్డుకు వెళ్లి, 1949లో ఒక తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే వేణు బప్పు. కావలూరులో ఉన్న పెద్ద టెలిస్కోపు ఆయన పేరు మీదే ఉంది.

మన విషయానికి ఇంకా దగ్గరివాడు మరొకాయన ఉన్నాడు. ఉస్మానియా కాలేజీకి ప్రిన్సిపాల్‌గా చేసిన మహమ్మద్ అబ్దుర్ రహమాన్ ఖాన్. ఉల్కలంటే ఆయనకు ప్రాణం. 1930లలో బేగంపేట, హైదరాబాద్ దక్కన్ అన్న చిరునామాతో ఇంగ్లండులోని ‘నేచర్’ పత్రికకు, అమెరికాలోని ‘పాప్యులర్ అస్ట్రానమీ’కి ఉల్కల గురించి, ఉల్కాశిలల గురించి రాసేవాడు. బేగంపేట చీకట్లో కూర్చుని ఉల్కల్ని గమనించిన మనిషి ఉన్నాడంటే, ఆ రోజుల్లో అక్కడ చీకటి ఎంత చిక్కగా ఉండేదో ఊహించుకోండి. ఆ తర్వాత ఊరు పెరిగింది, దీపాలు పెరిగాయి. 1960ల చివర ఉస్మానియా వాళ్లు 48 అంగుళాల టెలిస్కోపును ఇబ్రహీంపట్నం అవతల జాపాల రంగాపూర్‌లో పెట్టుకోవాల్సి వచ్చింది. బేగంపేట గుమ్మటం పాడుబడిందని పత్రికలు అప్పుడప్పుడూ రాస్తూ వచ్చాయి. నగరంలో ఇంకెన్నో పాత కట్టడాలకు మరమ్మతులు జరిగాయి. దీని వంతు అంత తొందరగా రాకపోవడం నాకు కష్టంగానే అనిపించింది.

ఇంతకీ రాలేది చుక్క కాదని మీకు తెలిసిందే. చుక్క రాలితే ఎక్కడో ఒక ప్రాణం పోయిందని మన ఇళ్లలో పెద్దవాళ్లు అనేవారు. ఆ నమ్మకం పాతదే. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో ఉల్కలకు ఒక అధ్యాయమే కేటాయించి, వాటిని ఐదు రకాలుగా విడదీశాడు. స్వర్గంలో పుణ్యఫలం అనుభవించి కిందికి జారే జీవులే ఉల్కలని చెప్పాడు. ఆ భావాన్ని పక్కన పెట్టినా, ఆకారాన్ని బట్టి, చప్పుడును బట్టి, తోక పొడవును బట్టి రకాలు విడదీసిన ఆ ఓపికకు నమస్కారం పెట్టాలి. వెలుతురు లేని రాత్రులు కాబట్టి వాళ్లకు సాగింది.

తోకచుక్కలు సూర్యుడి చుట్టూ తిరుగుతూ తమ దారిపొడుగునా ధూళి వదులుతాయి. భూమి ఏటా ఒకే తేదీకి ఆ ధూళిని దాటుతుంది. ఇసుక రేణువంత, మహా అయితే శనగగింజంత ముక్కలు సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకొచ్చి, భూమికి 80 నుంచి 120 కిలోమీటర్ల ఎత్తులో మండిపోతాయి. అంత ఎత్తంటే ఏమిటో చెబుతాను. మీ నడినెత్తిన గీత గీసిన ఉల్క ఇక్కడి నుంచి నల్గొండ ఉన్నంత దూరంలో ఉంది. తూర్పున తక్కువ ఎత్తులో, ఎదురింటి ట్యాంకు పైన మెరిసినది నిజానికి కోదాడ మీద మండింది. మనం పంజాగుట్టలో చూసినదాన్ని కోదాడ వాళ్లు తలెత్తి నెత్తి మీద చూస్తారు.

డిసెంబరు ఉల్కలది కాస్త వింత కథ. వీటిని జెమినిడ్లంటారు. వీటి తల్లి మామూలు తోకచుక్క కాదు, ఫేథాన్ అనే రాతి శకలం. అడ్డంగా ఐదారు కిలోమీటర్లుంటుంది. 1983లో ఐరాస్ ఉపగ్రహం తీసిన చిత్రాల్లో దొరికింది. ఏడాదిన్నర లోపే సూర్యుడిని చుట్టివస్తుంది, బుధుడి కక్ష్య కంటే లోపలికి పోయి కాలి వస్తుంది. దాని ధూళి మన గాలిలోకి సెకనుకు 35 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. ఆగస్టు ఉల్కలది 59. అంటే డిసెంబరువి నిదానం. మెరిసి మాయమయ్యేవి కావు, కాసేపు సాగి కనిపిస్తాయి, ప్రకాశమూ ఎక్కువే. దీపాల ఊళ్లో ఉన్నవాడికి కావలసినవి సరిగ్గా ఇవే.

పైగా ఇవి వచ్చే చోటు పునర్వసు నక్షత్రం పక్కన. తెలుగువాళ్లకు ఇంతకంటే సులువైన గుర్తు ఏముంటుంది, రాముడి నక్షత్రమాయె! డిసెంబరు నడిమిలో రాత్రి పదింటికి తూర్పు వైపు తిరగండి. వరసగా మూడు చుక్కలు, చుట్టూ నాలుగు పెద్ద చుక్కలు కనిపిస్తాయి. మృగశిర, ఆర్ద్ర ఉన్న గుంపు అది. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు అప్పటికే బాగా పైకొచ్చి ఉంటాయి. ఆర్ద్ర నుంచి ఎడమకు, ఈశాన్యానికి జరిగితే పక్కపక్కన ఇద్దరు కవలల్లా రెండు చుక్కలుంటాయి. అదే పునర్వసు. పదింటికి మూడోవంతు ఎత్తులో ఉంటుంది, రెండు గంటలకు దాదాపు నడినెత్తికి వస్తుంది. ఉల్కలు మాత్రం అక్కడే పడతాయనుకోకండి. ఆకాశంలో ఏ మూలనైనా పడతాయి. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే పునర్వసు దగ్గరికి పోతుంది, అంతే.

మామూలుగా ఉల్కలు అర్ధరాత్రి దాటాకే ఎందుకు ఎక్కువంటే, వానలో స్కూటర్ మీద పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కిన వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఛాతీ తడిసి ముద్దవుతుంది, వీపు పొడిగా ఉంటుంది. భూమి సూర్యుడి చుట్టూ దూసుకుపోయేటప్పుడు దాని ఛాతీ వైపు ఉండేది అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా ఉన్న ప్రాంతం. సాయంత్రం వేళ మనం వీపు వైపు ఉంటాం.

ఒక డిసెంబరు రాత్రి అమీర్‌పేటలో ఓ మిత్రుడి అపార్ట్‌మెంట్ డాబా మీద చాప పరుచుకున్నాం. చివరి మెట్రో వెళ్లిపోయింది. తీగ మీద ఎవరివో దుప్పట్లు ఇంకా ఆరుతున్నాయి. ఎదురుగా ఓ షాపింగ్ కాంప్లెక్సు మీద ఎల్‌ఈడీ బోర్డు. అందులో చీరల ప్రకటన వస్తే మా నీళ్ల ట్యాంకు ఎర్రబడుతుంది, అపార్ట్‌మెంట్ల ప్రకటన వస్తే నీలం, టూత్‌పేస్టు వస్తే పట్టపగలే. చాపను లాక్కెళ్లి ట్యాంకు నీడలో వేశాం. అక్కడ ఓ పావుగంట కళ్లు మూసుకుని తెరిచాక, అప్పటిదాకా లేని చుక్కలు నలభై యాభై పుట్టుకొచ్చాయి. ఇంతలో వాచ్‌మన్ టార్చి వేసుకుని పైకొచ్చాడు.

“ఏం దేవులాడుతున్నరు సార్, ఈ చలిల?”

“చుక్కలు రాలతాయట పెద్దాయనా, చూస్తున్నాం. ఆ టార్చి ఆర్పు.”

ఆయన ఆర్పి, పక్కనే గొంతుక్కూర్చుని పైకి చూశాడు. “మా పాలమూర్ల ఎండకాలం వాకిట్ల మంచం ఏస్కొని పండుకుంటే ఊకెనే కనపడ్తుండె సార్. గిట్ల కావలి కాసుడు ఎన్నడు లేదు” అన్నాడు.

నిజమే. ఏ ఉల్కల వానా లేని మామూలు రాత్రుల్లో కూడా చీకటి పల్లెల్లో గంటకు ఐదారు ఉల్కలు కనిపిస్తాయి. ఏ గుంపుకూ చెందని ఒంటరివి. ఆయన అన్నది వార్తల్లోకి ఎప్పుడూ ఎక్కని ఆ ఉల్కల గురించి. పాలమూరు వాకిట్లో ఊరికే దొరికినదానికి మేం అమీర్‌పేటలో ముహూర్తం పెట్టుకుని కూర్చున్నాం. ఆయన దిగిపోబోతుండగా దక్షిణాన, నిమ్స్ వైపు, ఓ పసుపు గీత నిదానంగా జారింది. “అగో!” అన్నాడు ముందు ఆయనే.

ఇక లెక్క. పత్రికలు జెమినిడ్లు గంటకు 120 అని రాస్తాయి. ఆ అంకె అబద్ధం కాదు గానీ దాని షరతులు ఎవరూ చెప్పరు. పునర్వసు సరిగ్గా నడినెత్తిన ఉండాలి, అతి సన్నని చుక్క కూడా కంటికి ఆనేంత చీకటి ఉండాలి, చుట్టూ ఏ అడ్డూ ఉండకూడదు. అమీర్‌పేటలో ఆ సన్నని చుక్కలేవీ కనిపించవు. ఉల్కల్లో ఎక్కువ భాగం సన్నవే కాబట్టి లెక్క పదో వంతుకు పడిపోతుంది. గంటకు పది, పన్నెండు. ఎదురింటి మూడంతస్తులు, మన ట్యాంకు, సెల్ టవరు తీసేస్తే ఆరో ఏడో. అరగంటకు మూడు పడ్డాయంటే ఆ రాత్రి గిట్టుబాటైనట్టే. వాన అన్న మాట నమ్మి ఎక్కినవాడు పది నిమిషాల్లో దిగిపోతాడు. గంటకు ఆరు అని తెలిసి ఎక్కినవాడికి ఏడోది లాభం.

నిజంగా వానలా కురిసిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు. 1833 నవంబరులో అమెరికాలో సింహరాశి నుంచి చుక్కలు కురిసిన రాత్రి జనం ప్రళయం వచ్చిందని మోకరిల్లారు. ఆ లియోనిడ్లను వదిలే తోకచుక్క 33 ఏళ్లకోసారి వస్తుంది. 1966లోనూ, మళ్లీ 2001 చుట్టుపక్కలా గట్టిగా కురిశాయి. ఆ తోకచుక్క 2031లో తిరిగొస్తుంది. అప్పుడూ అంతే కురుస్తుందని మాత్రం నేను పూచీ ఇవ్వను.

ఇవి మీద పడితే ఎలా అని ఒకసారి ఓ పిల్లవాడు నన్ను అడిగాడు. జెమినిడ్ల ధూళి నేలకు చేరదు, పైనే బూడిదైపోతుంది. నేలను తాకేవి వేరే జాతివి, అరుదైనవి. మన నేల మీదా పడ్డాయి. 1852లో నెల్లూరు ప్రాంతంలో ఒక రాతి ఉల్క, 1870లో పార్వతీపురం వైపు ఒక ఇనుప ఉల్క. అసలు ఉల్కలు కానివీ పడుతుంటాయి. 2022 ఉగాది నాటి సాయంత్రం, ఏప్రిల్ 2న, మహారాష్ట్ర మీదుగా నిప్పుల వరస ఒకటి ఆకాశంలో సాగిపోయింది. పచ్చడి తిని పంచాంగం విన్న రోజే ఇదేం శకునమని ఫోన్లు మోగాయి. తీరా చూస్తే అది చైనా రాకెట్ తాలూకు పై అంచె. మన ఆసిఫాబాద్‌కు సరిహద్దున ఉన్న చంద్రాపూర్ జిల్లాలో లోహపు వలయమొకటి, గోళాకారపు ట్యాంకులు పడ్డాయి. తేడా తేలిగ్గా తెలుస్తుంది. ఉల్క కనురెప్పపాటు, మహా అయితే రెండు మూడు సెకన్లు. రాకెట్ ముక్కలైతే మీరు లోపలికెళ్లి ఇంట్లోవాళ్లను పిలుచుకొచ్చేదాకా నడుస్తూనే ఉంటాయి. మినుకు మినుకుమంటూ ఎర్రగా పోయేది విమానం. బేగంపేట విమానాశ్రయం నుంచి మామూలు సర్వీసులు 2008లో ఆగిపోయాయి కాబట్టి ఆ బెడద ఇప్పుడు కొంత తగ్గింది.

ఇది రేడియో కాబట్టి, మీ చేతిలో ఉన్నది రేడియో కాబట్టి, మరో సంగతి చెప్పకపోతే లోటు. ఉల్కల్ని వినవచ్చు కూడా. ఎఫ్‌ఎం ప్రసారం తిన్నగా పోతుంది, భూమి వంపు అవతలికి చేరదు. అందుకే వందల మైళ్ల దూరంలోని ఎఫ్‌ఎం స్టేషన్ మీకు అందదు. కానీ ఉల్క మండినప్పుడు దాని జాడలోని గాలి విద్యుదావేశం పొంది, కాసేపు అద్దంలా పనిచేస్తుంది. ఆ తరంగం దానికి తగిలి కిందికి తిరుగుతుంది. ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టి, బుస్సుమనే చప్పుడు వింటూ కూర్చుంటే, ఉన్నట్టుండి ఒక సెకను పాటు ఎక్కడిదో మాట, పాట ముక్క వచ్చి పోతుంది. హైదరాబాదులో ముల్లు పెట్టడానికి ఖాళీ చోటు దొరకడమే కష్టం, ఊరి బయట కారు రేడియోతో ప్రయత్నిస్తే మేలు. దీనికి మబ్బు అడ్డం రాదు, పగలు అడ్డం రాదు. ఆగస్టు ఉల్కల మీద మోజు తీరనివాళ్లకు నేనిచ్చే సలహా ఇదే.

ఈ పద్ధతి మనవాళ్లకు కొత్త కాదు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్రవేత్తలు గత శతాబ్దంలోనే రేడియో ప్రతిధ్వనులతో ఉల్కల్ని లెక్కించారు. తిరుపతి దగ్గర గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఉల్కల జాడలను పట్టుకోగలదు. అలాంటి జాడలు ఎటు కొట్టుకుపోతున్నాయో చూసి ఆ ఎత్తులో గాలులెలా వీస్తున్నాయో తెలుసుకుంటారు. బెలూన్లు అంత పైకి పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి రాలేవు.

సరే, డిసెంబరు 13 రాత్రి ఏం చేయాలి? ముందు పంచాంగంలో తిథి చూసుకోండి. పౌర్ణమికి దగ్గరగా ఉంటే ఆ ఏటికి ఆశ తగ్గించుకోవాలి. అమావాస్య దాపులనుంటే సెలవు పెట్టయినా చూడాలి. శుక్లపక్షం మొదట్లోనైతే చంద్రుడు పెందలాడే అస్తమిస్తాడు, ఇబ్బంది లేదు. భోంచేసి ఓ నిద్ర తీసి, ఒంటిగంటకు లేవండి. దుప్పటి, మఫ్లరు, చాప, ఫ్లాస్కులో టీ. బైనాక్యులర్స్ వద్దు, అవి ఆకాశాన్ని చిన్నది చేస్తాయి. వెల్లకిలా పడుకుని, బోర్డులు కంట పడకుండా, ఎటు ఎక్కువ ఆకాశం ఉంటే అటు చూడండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. ఆ మధ్యలో ఒక్కసారి ఫోన్ తెరిచారంటే మళ్లీ మొదటికే. టైమెంతో చూడబోయి ఉల్కను పోగొట్టుకున్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. హాస్టళ్లలో ఉండే పిల్లలు వార్డెన్‌ను ముందే అడిగి డాబా తాళం తీయించుకోండి. పిట్టగోడలు పొట్టిగా ఉన్న డాబాల మీద నిలబడి వెనక్కి నడవకండి. వీలున్నవాళ్లు అనంతగిరి వైపో, ఇబ్రహీంపట్నం దాటో వెళితే ఆరు కాస్తా ముప్పై నలభై అవుతాయి.

చివరిగా అమీర్‌పేట, పంజాగుట్ట అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వారికి ఒక విన్నపం. డాబా మీద రాత్రంతా ఎవరికోసమో వెలిగే ఆ ఫ్లడ్‌లైటును డిసెంబరు 13 రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా, ఆ మూడు గంటలు, ఆర్పించండి. ఎల్‌ఈడీ బోర్డుల యజమానులకూ అదే మనవి. ఆ వేళప్పుడు మీ ప్రకటన చూసేవాళ్లు ఎలాగూ ఉండరు.